పదకొండేళ్ళ సున్నం

ఫ్లోరెన్సు, ఏప్రిల్ 12, 1468

అక్కా,

దణ్ణాలు. ఉత్తరం చూడగానే "వీడికేదో కావాలి, లేకపోతే రాయడు" అనుకుంటావు. నిజమే, కావాలి. కానీ ముందు కబుర్లు చదువు, అడిగేది చివర్లో అడుగుతాను.

మా మేస్త్రి పేరు ఆగ్నొలో కదా, ఆయనకి నది అవతల తోలు పనివాళ్ళ వీధి గుడిలో ఒక గోడ దొరికింది. మూడు నిలువుల ఎత్తు. ప్రభువు లాజరును సమాధిలోంచి లేపిన కథ వేయాలి. బొమ్మలు ఆయనవి, గార నాది. మొదటిరోజు ఏం చేశాడో తెలుసా? నేను అద్దంలా వేసిన అడుగుపూత నడిమధ్య ఇంత మేకు దిగ్గొట్టాడు! దానికి దారం కట్టి, లాగి వదులుతూ గోడంతా గీతలు కొట్టాడు. "ఏంటి మేస్త్రీ, వల అల్లుతున్నారా?" అన్నాను. "నోర్మూసుకుని పదడుగులు వెనక్కి నడు" అన్నాడు.

నడిచాను. అక్కా, గోడ లేదు. ఒట్టు. రంగు లేదు, బొమ్మ లేదు, ఉత్త గీతలు. అయినా అక్కడ గోడ పోయి ఒక దారి పడింది. రెండు పక్కలా ఇళ్ళు, చివర ఎక్కడో మేకు దగ్గర ఆకాశం. గుడి ఊడ్చే ముసలమ్మ చీపురుతో వచ్చి అక్కడ ఆగిపోయి, "ఇదీ నేనే ఊడవాలా?" అంది. మేస్త్రి నవ్వలేదు. ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

ఇక అడగాల్సింది. ఇక్కడ దొరికేదంతా పచ్చి సున్నం, నిన్న కాల్చి ఇవాళ అమ్మేది. పోయినేడు ఇంకో గోడకి దాంతోనే గార వేశాను. నెల తిరక్కుండా పొక్కులు లేచి దేవదూత ముక్కు ఊడి కింద పడింది. ఊరంతా నవ్వింది. ఈసారీ అలా జరిగితే ఈ నగరంలో నాకు తాపీ పట్టే మొహం ఉండదు. మీ పెరట్లో కెక్కో బావ చివరిసారి కాల్చి, నీళ్ళలో నానేసి, ఇసక కప్పి మూసిన గుంత అలాగే ఉందిగా. పదకొండేళ్ళ సున్నం! అది ఇవ్వక్కా. ఊరికే వద్దు. మేస్త్రితో మాట్లాడాను, బావని ఈ గోడ మీద వేయిస్తాను.

నీ తమ్ముడు
బెట్టో


కాల్చినాయా, ఏప్రిల్ 24

ఒరేయ్ బెట్టో,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టబోయి ఆగాను. నువ్వే ఎదురుగా ఉంటే సున్నంలోకి ఎముక లేకుండా కొట్టేదాన్ని.

మీ బావని గోడ మీద వేయిస్తావా? ఆయన ఎవరికేం ద్రోహం చేశాడురా? పెళ్ళయిన కొత్తలో మీ నగరానికొచ్చినప్పుడు న్యాయాధికారి కోట గోడ మీద చూశాను, కాళ్ళకి తాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసినట్టు గీసిన మనుషుల్ని. పక్కనే వాళ్ళ పేర్లు, ఇంటిపేర్లు. పిల్లలు పేడముద్దలు విసురుతున్నారు. ఒకడి పెళ్ళాం తల మీద ముసుగేసుకుని ఆ గోడ పక్కనుంచే నీళ్ళకి పోతోంది. ఆ సిగ్గు నాకూ తెచ్చిపెడతావా? సున్నం కాల్చుకుని బతికినవాడు, ఒకరి ఎండుపుల్ల ముట్టనివాడు.

ఇక గుంత సంగతి. మహమ్మారి ఏడాది ఆయన్ని నగరం బయట పెద్ద గోతిలో అందరితోపాటు వేశారు. పైన సున్నం చల్లారు. ఆయన తోలుకెళ్ళిన సున్నమే. పేరు లేదు, శిలువ లేదు. ఆదివారం పూజయ్యాక జనం తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతే నేను పెరట్లోకి పోతాను. ఆ గుంత మీద ఇసక ఆయన అరచేత్తో సర్దింది. ఆ రోజుల సంగతి నన్ను ఇంకేం అడగకు.

మేక ఈనింది. రెండూ మగవే, నా రాత.

మేయా


ఫ్లోరెన్సు, మే 3

కోపం తగ్గని అక్కకి,

అయ్యో ప్రభువా! నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్కా, అది కోట బయటి గోడ. ఇది గుడి లోపలి గోడ. అక్కడ వేసేది ద్రోహుల్ని, ఇక్కడ వేసేది పుణ్యకథని. ఆ కథలో లాజరు చుట్టూ ఊరి జనం ఉండాలి కదా, ఆ జనానికి మొహాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఈ వీధివాళ్ళవే, ఇప్పటికి అడుగుపూత మీద ఎర్రగీతల్లో గీసిపెట్టాడు. రొట్టెలమ్మే ఆమె లాజరు తోబుట్టువు మార్త అయింది. అప్పట్నుంచి కొలువుకి పోయే రాణిలా నడుస్తోంది, అప్పు అడిగితే "పునీతురాలితో బేరాలా?" అంటోంది. చెప్పులు కుట్టే గెరార్దో ముక్కు మూసుకుని నిలబడ్డాడు, సమాధి వాసనకి. వాళ్ళావిడ ఆ బొమ్మ చూసి "ఇంట్లో నా వంట దగ్గరా ఇదే మొహం" అంది.

పోయినవాళ్ళని కూడా వేస్తాడక్కా. వడ్రంగి ఒకాయన, చచ్చిపోయిన కూతుర్ని వేయించుకున్నాడు, మేస్త్రి కూడా ఎరిగిన పిల్లే. రోజూ పనికి పోతూ వచ్చి నిలబడి, "వస్తానమ్మా" అని చెప్పి పోతాడు. అది చూసి నేను నీ గురించి అనుకున్నాను. సున్నం కోసం మాత్రమే కాదు.

ఇస్తావో లేదో నీ ఇష్టం. మీ కొండ మీంచి ఇక్కడికి బొగ్గు తోలే మోరో ప్రతివారం వస్తాడు, అతని బండిలో బొగ్గుతో పాటు నాలుగు పీపాలకి చోటుంటుంది. ఊరికే చెబుతున్నా.

బెట్టో


కాల్చినాయా, మే 19

తమ్ముడూ,

ఇది ఎవరికీ చెప్పలేదు. పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌కి కూడా చెప్పలేదు. మీ బావ మొహం నాకు మరుపొస్తోంది.

ముందు గొంతు పోయింది. సరేలే అనుకున్నాను. ఈ చలికాలం నుంచి మొహం కూడా. కళ్ళు మూసుకుంటే ముక్కు వస్తుంది, ముక్కు పట్టుకుంటే నోరు పోతుంది. అన్నీ కలిపి ఒక్కసారి రావడం మానేశాయి. మాకు పిల్లలైనా లేరు, వాళ్ళ మొహంలో వెతుక్కుందామంటే. ఇంకో రెండేళ్ళకి కెక్కో అనేవాడు ఉన్నాడో లేడో నాకే అనుమానం వస్తుందేమోనని భయంగా ఉందిరా. నీ వడ్రంగి మాట చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

నిన్న గుంత తెరిచాను. లోపల సున్నం చూడాలి నువ్వు! వెన్న. అరచేత్తో తీస్తే అంటుకోకుండా జారింది. నాలుగు పీపాలు నింపాను, మోరోతో పంపుతున్నాను. వాడికి దారిలో తినడానికి చెస్ట్‌నట్ రొట్టె కట్టాను, వాడు ఊరు దాటకుండానే తినేస్తాడు.

మీ మేస్త్రికి సరిగ్గా చెప్పు. మొహం పొడుగు. కళ్ళు తేనెరంగు. కుడికనుబొమ్మ మీద బట్టీరాయి పేలి కోసుకున్న గాటు. నవ్వితే పైపన్ను ఒకటి కనబడదు. బట్టీ కాలుతున్నప్పుడు ఎడంచెయ్యి వెనక్కి పెట్టి, బొటనవేలు నడుంపట్టీలో దూర్చి నిలబడేవాడు, నడుం నొప్పికి. అది మొహం కాదులే, ఊరికే గుర్తొచ్చి రాశాను.

నీ అక్క మేయా


ఫ్లోరెన్సు, జూన్ 26

అక్కా,

మొన్న మా ఊరి పునీత యోహాను పండుగ. గుర్రప్పందేలు, బాజాలు. నేనేమీ చూడలేదు. నీ సున్నం ముందు కూర్చున్నాను.

పీపా మూత తీయగానే మేస్త్రి వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇది కాల్చినవాడెవడు?" అన్నాడు. "మా బావ." "బతికున్నాడా?" "లేడు." ఆయన టోపీ తీశాడు, అక్కా. ప్రభువుల ముందు తప్ప టోపీ తీయని మనిషి, ఒక సున్నప్పీపా ముందు తీశాడు.

మా పని ఎలాగంటే, పొద్దున నేను ఎంత గార వేస్తే అంతలోనే ఆయన సాయంత్రంలోగా రంగు వేసెయ్యాలి. ఆ ముక్కని మేం "ఒక రోజు" అంటాం. తడి ఉండగా వేసిన రంగుని గోడ తాగేస్తుంది, ఇక నూరేళ్ళయినా వదలదు. ఆరాక దిద్దడానికి లేదు. తప్పొస్తే ఉలితో చెక్కి పారేసి మళ్ళీ గార వేయాల్సిందే. బావ సున్నం రంగుని తాగే తీరు చూస్తే నువ్వు పరవశించిపోతావు. నీలం వేస్తే నీలం లోపల్నుంచి వెలుగుతోంది. మేస్త్రి నిన్న కుంచె కింద పెట్టేసి, ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

ఒక్క సంగతి. నువ్వు కంగారులో తప్పు రాశావు. గాటు ఎడమకనుబొమ్మ మీద. బావ కళ్ళు బూడిదరంగు. పదహారేళ్ళప్పట్నుంచి ఆయన పక్కన బండి తోలాను, నాకు తెలీదా? చెయ్యి వెనక్కి పెట్టి బొటనవేలు పట్టీలో దూర్చడం మాత్రం నువ్వన్నట్టే. నడుస్తూ కూడా అలాగే నడిచేవాడు, మేం వెనక నుంచి వెక్కిరించేవాళ్ళం. మొహం నేను చెప్పినట్టు వేయించమంటావా?

బెట్టో


కాల్చినాయా, జూలై 9

బెట్టో,

ఏమన్నావ్? నేను తప్పు రాశానా? తొమ్మిదేళ్ళు ఆయనకి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఆ గాటుకి కట్టు కట్టింది నేను. నువ్వు బండి మీద కూర్చుని జీలకర్ర నములుతూ ఎద్దుల తోకలు చూసిన మనిషివి, నాకు మా ఆయన కళ్ళరంగు నేర్పుతావా? బూడిదరంగట! పిల్లి అనుకున్నావా?

మరుపొస్తోందని నీకు చెప్పడమే నా పొరపాటు. చెప్పాను కాబట్టేగా ఇప్పుడు నా మాటకి విలువ లేదు. "పాపం అక్కకి గుర్తులేదులే" అని నువ్వు, మీ మేస్త్రి అనుకుంటున్నారు. ఇంకెవడి మొహమో తగిలించి ఇదే కెక్కో అంటే నమ్మేస్తాననుకుంటున్నారు. అదే నా భయం కూడా. నిజంగానే నమ్మేస్తానేమో. ఆ పరాయి మొహమే ఇక నాకు మిగిలిపోతుందేమో.

కుడికనుబొమ్మ. తేనెరంగు. నేను చెప్పింది వేయించు, లేదా నా సున్నం నాకు తిరిగి పంపించు.

మేయా


ఫ్లోరెన్సు, ఆగస్టు 17

అక్కా,

పంపడానికి ఏముంది, గోడకెక్కిపోయింది. నీ ఉత్తరమూ నా మాటా రెండూ మేస్త్రి ముందు పెట్టాను. వారం రోజులు ఆ చోటు వదిలేసి మిగతావి వేశాడు. మొన్న పొద్దున "ఇవాళ కెక్కో రోజు, గార వెయ్" అన్నాడు. వేశాను. సాయంత్రానికి అయిపోయింది.

ఎలా వచ్చిందో రాయను. సెప్టెంబరు ఆఖరికి పరంజా విప్పుతాం. వచ్చి చూడు.

బెట్టో


కాల్చినాయా, సెప్టెంబరు 8

బెట్టో,

ఎందుకు రాయలేదో తెలిసింది. మోరో బొగ్గు దింపి పరంజా సందులోంచి చూశాడట. "మీ ఆయన ఉన్నాడమ్మా, కానీ వీపు తిప్పి నిలబడ్డాడు, మొహమే లేదు" అన్నాడు. బావి దగ్గర, పదిమందిలో అన్నాడు.

మొహం అడిగితే వీపు ఇచ్చారు. చెప్పులవాడికి మొహం ఉంది, రొట్టెలదానికి ఉంది, నా మొగుడికి లేదు. ఎవరికి మొహం తిప్పుకునే గతి పడుతుందో నాకు తెలీదనుకున్నారా? మీ ఇద్దరికీ మాట కుదరక, కష్టం లేకుండా వెనక్కి తిప్పేశారు. పదకొండేళ్ళు కాపాడుకున్న గుంత ఇప్పుడు ఖాళీ. ఆదివారాలు నేను ఎక్కడికి పోవాలి?

వీపు నాకెందుకురా? వీపు చూడటం నాకు కొత్తా?

ఇక రాయకు.


ఫ్లోరెన్సు, సెప్టెంబరు 15

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ చదివి చింపెయ్.

నేను పరంజా మీద మేస్త్రి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, "మొహం వేయండి, మా అక్క నన్ను బతకనివ్వదు" అని. ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టాడు. "నా కుడిచెంప మీద మసి ఉంది, చూపించు" అన్నాడు. నేను నా కుడిచేతివైపు చూపించాను. "అది నా ఎడమరా వెధవా" అన్నాడు. నువ్వు బావకి ఎదురుగా కూర్చునేదానివి, నేను పక్కన కూర్చునేవాణ్ణి, నీకు కుడివైపు కనబడింది ఆయనకి ఎడమ. కళ్ళంటావా, నేను ఆయన్ని ఎండలో చూశాను, నువ్వు సాయంత్రాలు బట్టీ మంట దగ్గర చూశావు. నువ్వేం మరిచిపోలేదక్కా. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. నన్ను క్షమించు.

"మరింకేం, ఇప్పుడు వేయండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను చూడని మొహం వేస్తే అది నేను కల్పించిన మొహమే అవుతుంది. ఆమె దాన్ని రోజూ చూస్తే అసలు మొహాన్ని నా బొమ్మ తినేస్తుంది. ఆమె భయపడింది అదేగా? మీరిద్దరూ తగువు లేకుండా చెప్పింది ఒక్కటే, ఆ నిలబడే తీరు. అంతవరకే నాకు తెలుసు, అంతవరకే వేస్తాను" అన్నాడు.

వచ్చి చూడు. చూశాక కొట్టు, తల వంచుకుని నిలబడతాను.

బెట్టో


కాల్చినాయా, అక్టోబరు 6

నా చిట్టి తమ్ముడూ,

నేను వచ్చి వెళ్ళాను. నీకు తెలీదు. మోరో బండి మీద, పొద్దున్నే. నువ్వు పైన పరంజా చివరి వాసాలు విప్పుతూ ఈల వేస్తున్నావు, నీ ఈల నాకు తెలీదా? పిలవకుండా ముసుగు ముందుకి లాక్కున్నాను.

ముందు ఆ దారి చూశాను. నువ్వు రాసినప్పుడు గొప్పలనుకున్నాను. కాళ్ళు వాటంతటవే ముందుకి నడిచాయి, చెయ్యి చాస్తే చల్లగా గోడ తగిలి ఉలిక్కిపడ్డాను. గుడి కిటికీలోంచి నిజం ఎండ వస్తోంది కదా, ఆ బొమ్మలో ఎండ కూడా అటునుంచే పడుతోంది. మార్త మీద, చెప్పులతని ముక్కు మీద. మనుషులు ఇలాంటివి చేయగలరని నాకు ఎవరూ చెప్పలేదురా. దేవుడు చేయిస్తాడో, దేవుడు చూస్తూ ఊరుకుంటాడో, నా చిన్న బుర్రకి అందలేదు. మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను.

అప్పుడు చూశాను. అందరికన్నా ముందు, సమాధి గోతి అంచున, పని గుడ్డ కట్టుకుని. ఎడంచెయ్యి వెనక్కి. బొటనవేలు పట్టీలో.

ఆ రోజు సంగతి అడగొద్దన్నాను కదా. ఇప్పుడు నేనే చెబుతాను. నగరం నుంచి మనుషులొచ్చి గోతుల మీద చల్లడానికి సున్నం కావాలన్నారు. మీ బావ తెల్లారకముందే బండి కట్టాడు, నాతో మాట్లాడలేదు, లోపలికి రాలేదు. నేను గుమ్మంలోంచి "కెక్కో, రొట్టె మరిచిపోయావ్!" అని అరిచాను. తిరగలేదు. మూడుసార్లు పిలిచాను. మలుపు దాకా బండి పక్కన అలాగే నడిచి వెళ్ళిపోయాడు, బొటనవేలు పట్టీలో దూర్చుకుని. చంకలో మహమ్మారి గడ్డ అప్పటికే లేచిందట, తర్వాత ఎవరో చెప్పారు. తిరిగితే నేను పరిగెత్తుకొచ్చి పట్టుకుంటానని తెలుసు. ఆ మాట బుద్ధికి తెలుసు, మనసు వినలేదు. ఒక్కసారి తిరిగితే ఏం పోయిందని పదకొండేళ్ళు ఆయన మీద కోపంగా ఉన్నాను. ఏడ్చినదానికన్నా కోప్పడిందే ఎక్కువ.

గుడిలో నాకు తెలీకుండానే "కెక్కో!" అని పిలిచేశాను, వాసాల చప్పుడులో నీకు వినబడలేదు. ఊడ్చే ముసలమ్మ "ష్" అంది. ఆయన తిరగలేదు. ఎదురుగా లాజరు లేస్తున్నాడు, కట్లు ఇంకా విప్పలేదు, మొహం నిండా వెలుగు. ఆ వెలుగు మీ బావ భుజం మీద కూడా పడుతోంది. అంత దగ్గర్నుంచి అది చూస్తున్నవాడు నేను పిలిస్తే ఎలా తిరుగుతాడు? తిరగక్కర్లేదు. చూడనీ అనుకున్నాను. ఈసారి కోపం రాలేదు.

ఇంకో సంగతి. బండి మీద తిరిగొస్తుంటే, కొండ ఎక్కే చోట, మీ బావ మొహం వచ్చింది. ముక్కు, నోరు, గాటు, ఊడిన పన్నూ అన్నీ కలిపి. కళ్ళు నువ్వు చెప్పిన రంగే, పగలు కదా.

మీ మేస్త్రికి నా దణ్ణాలు చెప్పు. మెడ మీద ముడతలు రెండు ఎక్కువ వేశాడు, మీ బావ అంత ముసలాడు కాదు, అది కూడా చెప్పు. గుంత ఖాళీగా ఉంచబుద్ధి కాలేదు. పక్క బట్టీవాళ్ళ దగ్గర కొత్త సున్నం కొని నేనే నానేశాను, ఇసక కప్పి అరచేత్తో సర్దాను. తొందరేం లేదు, ఎవరికో ఎప్పుడో పనికొస్తుంది.

ఆ వేళ గోడ కింద ఒక చెస్ట్‌నట్ రొట్టె కనబడి ఉంటుంది నీకు, గుడ్డలో కట్టి. ఎవరో మరిచిపోయి వెళ్ళారనుకుని ఉంటావు. మరిచిపోయింది ఎవరో తెలిసిందిగా. తీయకు, అక్కడే ఉండనీ.

నీ అక్క
మేయా